సముద్రం నుంచి మూడు నిమిషాలు

ఆత్మారాం మోర్సులో నిమిషానికి ఇరవై మాటలు అందుకునేవాడు. మార్కండేయ ఎంత కష్టపడ్డా పద్నాలుగు దాటేవాడు కాదు.

బోధన్‌లో ఇద్దరికీ మోర్సు నేర్పింది సాయన్న అనే రిటైరైన మిలిటరీ వైర్‌లెస్ హవల్దారు. పద్మశాలీల గల్లీలో తన ఇంటి అరుగు మీద ఒక ఇత్తడి మీట, ఒక బజ్జరు పెట్టుకుని, చుక్కలూ గీతలూ కలిసి అక్షరాలెలా అవుతాయో రెండేళ్ళు చెప్పాడు. పాఠమయ్యాక ఇంటికి పోతూ ఇద్దరూ ఈలలతోనే మాట్లాడుకునేవాళ్ళు. పొట్టి ఈల చుక్క, పొడుగు ఈల గీత. తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కూర్చుకునేవాళ్ళు. మార్కండేయ "ఆకలైతుంది" అని ఈల పూర్తిచేసే లోపే ఆత్మారాం జవాబు మొదలుపెట్టేవాడు.

1974లో బొంబాయికి అవతల సముద్రంలో చమురు పడింది. నీళ్ళ మధ్య ఇనుప కాళ్ళ మీద నిలిచే రిగ్గుకు వైర్‌లెస్ ఆపరేటర్లు కావాలని పేపర్లో వచ్చింది. ఇద్దరూ నిజామాబాదులో మన్మాడు బండెక్కి బొంబాయి పోయారు. పరీక్షలో గరగరల మధ్య ఒక సందేశం వినిపించి రాయమన్నారు. ఆత్మారాం ఒక్క ఖాళీ లేకుండా రాసిచ్చాడు. వినబడని చోట ఏ మాట ఉండాలో ఊహించి నింపాడు. మార్కండేయ కాగితంలో తొమ్మిది ఖాళీలున్నాయి.

పరీక్ష పెట్టిన పెద్దాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. మార్కండేయను ఉండమన్నాడు. ఆత్మారాంతో హిందీలో నెమ్మదిగానే చెప్పాడు, "నువ్వు నింపిన తొమ్మిదింట్లో నాలుగు తప్పులు. సముద్రం మీద వినబడనిది వినబడలేదని రాసేవాడు కావాలి."

ఆ మాట ఆత్మారాం ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి భార్య ప్రమీలమ్మతో, "వానికి సిఫారసు ఉండె" అన్నాడు. కొన్నాళ్ళకు ఆ అబద్ధం తనకే నిజంలాగా తోచసాగింది.

రెంజల్ దారిలో చంద్రయ్య పటేలు పెట్టిన ఖండసారి కార్ఖానాలో ఆత్మారాంకు పని దొరికింది. చెరుకు గానుగలూ పాకం పెనాలూ ఉన్న చిన్న చక్కెర కార్ఖానా అది. ఆఫీసు లోపలి గదిలో నాలుగు తీగల టెలిఫోన్ బోర్డు ఉండేది. వచ్చిన ఫోను అందుకుని చెరుకు తూచే కాంటా గదికో, పటేలు ఇంటికో, ముందు గదికో కలపడం అతని పని. చెరుకు బండ్లు ఎన్ని వచ్చాయి, మొలాసిస్ మడ్డి పీపాలు ఎప్పుడు పోతాయి, ఇవే మాటలు. పొద్దున తొమ్మిది నుంచి చీకటి పడేదాకా ఇవే.

మార్కండేయ ఇంటికి ఫోను లేదు. అతని భార్య గోదావరి బోధన్‌లో ఒక గదిలో అద్దెకుంటూ బీడీలు చుట్టేది. పోయేముందు మార్కండేయ వచ్చి పటేలును అడిగాడు. పదిహేను రోజులకొకసారి, శనివారం సాయంత్రం, కార్ఖానా నంబరుకు ఫోను చేస్తానన్నాడు. పటేలు సంతోషంగా ఒప్పుకున్నాడు.

"ఆత్మారాం ఉన్నడు గదా, నాకేం ఫికర్ లేదు" అన్నాడు మార్కండేయ పోతూ.

అలా ఆ పిలుపులు మొదలయ్యాయి. రిగ్గు మీది వైర్‌లెస్ గది నుంచి మాట గాలిలో బొంబాయి ఒడ్డుకు వచ్చేది. ఒడ్డున ఇంకొక వైర్‌లెస్ గదిలో దాన్ని టెలిఫోన్ తీగకు తగిలించేవాళ్ళు. అక్కణ్ణుంచి ట్రంకు లైను మీద ఊరూరూ దాటి ఆత్మారాం బోర్డు దాకా వచ్చేది. పి.పి. కాల్ అనేవారు దాన్ని. పేరు చెప్పిన మనిషి ఉంటేనే కలుపుతారు, లేకపోతే రద్దు చేస్తారు. అందుకని ట్రంకు ఆపరేటరు ముందుగా అడిగేది, "పార్టీ హై?" అని.

"హై" అని ఆత్మారాం ముందు గదిలోకి కలిపేవాడు. అక్కడ బల్ల మీద కూర్చున్న గోదావరి రెండు చేతులతో రిసీవరు పట్టుకునేది.

మూడు నిమిషాలు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడటానికి వీల్లేదు. మాట అయిపోగానే "ఓవర్" అనాలి, అప్పుడు అవతలివాడు మీట నొక్కి మొదలుపెడతాడు. మొదట్లో గోదావరి ఆ మాట అనడానికి సిగ్గుపడేది. తర్వాత అలవాటైంది. "తిన్నవా? ఓవర్." "నీళ్ళు జోరుగ ఉన్నయా? ఓవర్."

లైను సరిగ్గా ఉందో లేదో చూడటానికి బోర్డు మీద వినే మీట ఒకటి ఉండేది. ఆత్మారాం మొదటిరోజు అందుకే దాన్ని నొక్కాడు. రెండోసారికి అలాంటి సాకేమీ లేదు.

తలకాయ ఫోను చెవులకు తగిలించుకుని అన్నీ వినేవాడు. హెలికాప్టరులో పోతే కింద సముద్రం పలుగురాళ్ళ బీడులాగా కనబడుతుందట. చేపలు మనిషంత ఎత్తు ఎగురుతాయట. రిగ్గు మీద నలభై మందికి పైగా ఉన్నారట, మలయాళీలు, పంజాబీలు, ఇద్దరు ఫ్రెంచివాళ్ళు. వాళ్ళ పెళ్ళాం పిల్లలతో మాట కలపాలంటే అందరూ మార్కండేయ గది ముందు లైను కట్టి నిలబడాలట. "సలాం కొడ్తరే నాకు. ఓవర్" అన్నాడొకసారి, నవ్వుతూ.

ఆ రాత్రి ఆత్మారాంకు అన్నం సహించలేదు. పద్నాలుగు మాటలవాడికి సలాములు. ఇరవై మాటలవాడు మొలాసిస్ పీపాల సంగతి చెబుతూ కూర్చున్నాడు. ఆ గదిలో ఆ కుర్చీలో కూర్చోవలసింది తను. ఆ తలకాయ ఫోను తన చెవులకుండాలి. హెలికాప్టరు కిటికీ దగ్గర కూర్చున్నట్టు, సముద్రం మీద తుఫాను సందేశం ఒక్క అక్షరం పోకుండా అందుకున్నట్టు ఊహించుకునేవాడు. ఊహలో ఎప్పుడూ పక్కన మార్కండేయ తెల్లబోయి చూస్తుండేవాడు.

ఇంట్లో ప్రమీలమ్మ మాటలు కూడా దాన్ని ఎగదోసేవి.

"గోదావరికి టేప్ రికార్డరు తెచ్చిండట" అనేది. ఇంకోరోజు, "పొద్దందాక ఫోన్ల మాట్లాడుతవ్. ఇంటికొస్తే నోరు తెరవవు. గాయన మూడు నిమిషాలల్ల ఎంత మంచిగ మాట్లాడుతడంట" అనేది. ఆమె ఎత్తిపొడవాలని అన్నదీ కాదు. బీడీల గంప ముందేసుకుని, ఆకు కత్తిరిస్తూ, ఊరికే అన్నది.

1976 వానాకాలం మొదట్లో ఒక శనివారం, మార్కండేయ చివరి అర నిమిషంలో అన్నాడు, "ఆత్మారాం మంచిగున్నడా? నాకన్న మస్తు తెలివిగలోడు గోదావరీ. గాడు గీ పీపాల కాడ ఉండుడేంది, పాపం. ఓవర్."

"ఏం జేస్తం, ఎవరి నసీబు వాళ్ళది. ఓవర్" అన్నది గోదావరి.

ఆత్మారాం మీట వదిలేశాడు. తిట్టినా ఓర్చుకునేవాడు. పాపం అన్న మాట మాత్రం వేలిలో ముల్లులాగా దిగింది. పదిహేను రోజులు అది తీయరాలేదు.

తర్వాతి పిలుపు శనివారం గోదావరి వానలో తడిసి వచ్చింది. కార్ఖానా పని లేని కాలం అది. గానుగలు ఆగి, యార్డంతా ఖాళీగా, తడిసిన పిప్పి వాసనతో ఉంది. ఆమె కొంగు పిండుకుని బల్ల మీద కూర్చుంది. అయిదూ నలభైకి బోర్డు మోగింది.

"బొంబాయి సే పి.పి. కాల్. గోదావరి. పార్టీ హై?"

ఆత్మారాం తలుపు సందులోంచి చూశాడు. ఆమె అటు తిరిగి వాన చూస్తోంది.

"నహీ. పార్టీ నహీ హై" అన్నాడు చిన్నగా.

అటు నుంచి ఆపరేటరు ఎవరితోనో ఏదో అంది. చాలా దూరంలో, గరగరల వెనక, "రాలేదా?" అన్న మార్కండేయ గొంతు వినబడ్డట్టే అయింది. లైను తెగిపోయింది.

తనకు కలిగిందేమిటో ఆత్మారాంకే తెలియలేదు. భయమూ కాదు, సంతోషమూ కాదు. వాడి సముద్రం, వాడి హెలికాప్టరు, వాడి సలాములు, అన్నీ తన ఒక్క మాట దగ్గర ఆగిపోయాయి. అంత బలం తనలో ఉందని అప్పటిదాకా అతనికి తెలియదు.

చీకటిపడేదాకా చూసి గోదావరి లోపలికి వచ్చింది. "అన్నా, ఇయ్యాల రాదా ఏంది?"

"లైన్ కలువలేదు చెల్లె. వానల దినాలు గదా."

"పిలిచిండో లేదో గూడ తెల్వదా?"

"తెల్వదు."

రెండోసారి అలా చేయకూడదనే అనుకున్నాడు. మళ్ళీ పదిహేను రోజులకు గోదావరి కాల్చిన మక్క కంకులు కొంగులో చుట్టి తెచ్చి, అతనికి రెండిచ్చి ముందు గదిలోకి పోయింది. ఒకటి తింటూండగానే బోర్డు మోగింది. "హై" అందామని నోరు తెరిచాడు. "నహీ" అన్నాడు. మొదటిసారికన్నా సులభంగా వచ్చింది ఆ మాట.

ఆ సాయంత్రం, మళ్ళీ లైను కలవలేదని అతను చెప్పాక, గోదావరి వెంటనే పోలేదు. లోపలి గది గడప మీద నిలబడింది.

"అన్నా, ఒక్క మాట అడుగుత. దాయకు. బొంబాయిల ఆయనకు ఎవలన్న ఉన్నరా?"

"గట్లెందుకు అనుకుంటవ్?"

"గల్లీల అంటుండ్రు. ఒడ్డు మీద ఆఫీసుల ఆడోళ్ళు గూడ పని జేస్తరట. ఆయన మాట ముందుగాల గాళ్ళే వింటరట, తరువాతనే నాకొస్తదట. నేను మూడు నిమిషాలకు ఈడ కూసుంట. గాళ్ళు దినామంత వింటరు గద." ఆమె కొంగు చివర ముడి వేస్తూ విప్పుతూ ఉంది. "నీకు ఆయన చిన్నప్పటి సంది దోస్తు. నీకు ఎరుకుంటది."

లేరు అని ఒక్క మాట చాలు. మార్కండేయ అలాంటివాడు కాదని ఆత్మారాంకు తెలుసు. అయినా ఆ మాట నోట రాలేదు. "నాకేం తెలుస్తది చెల్లె" అని బోర్డు వైపు తిరిగాడు. ఆమె గడప దిగి వెళ్ళిపోయింది.

గోదావరి బీడీలు చుట్టడం మానుకుందని వారం తర్వాత ప్రమీలమ్మ చెప్పింది. రాత్రింబవళ్ళు గోడకు చేరబడి కూర్చుంటోందట. పుట్టింటికి భీమ్‌గల్ పోతానంటోందట. "మొగోడు ఫోన్ బంద్ జేసిండట. గంత దూరం పోయినోళ్ళు మారరా" అన్నది ప్రమీలమ్మ. చెబుతూ చెబుతూ ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆత్మారాం అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

అది జూలై నెల. అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉందని రేడియో వార్తల్లో చెప్పారు. చేపల పడవలు కొన్ని తిరిగి రాలేదన్నారు. గోదావరి నోట పుట్టింటి ప్రయాణం మాట మాయమైంది. శనివారం దాకా ఆగలేక శుక్రవారమే వచ్చి బల్ల మీద కూర్చుంది. శనివారం పొద్దున్నే వచ్చింది. ఏమీ తినలేదు. ఆత్మారాం చాయ్ తెచ్చి ఇస్తే తాగకుండా బోర్డు పక్కన పెట్టింది.

సాయంత్రం ఆరు దాటాక బోర్డు మోగింది.

"పార్టీ హై?"

"హై" అన్నాడు ఆత్మారాం. "హై, హై. యహీ హై" అని మళ్ళీ చెప్పాడు.

ముందు గదికి కలిపాడు. గోదావరి రిసీవరు ఎత్తి, "నేనే, నేనే, ఎట్లున్నవ్, ఓవర్" అన్నది. అటు నుంచి పెనంలో నీళ్ళు పోసినట్టు ఒకటే చప్పుడు. మధ్యలో మనిషి గొంతు ఉందని తెలుస్తోంది గానీ మాట తేలడం లేదు. "ఆవాజ్ సాఫ్ నహీ" అన్నాడు బొంబాయి వైర్‌లెస్ గదివాడు. "టైం పోతుంది, వదిలేయండి" అన్నాడు.

గోదావరి రిసీవరు అలాగే పట్టుకుని లోపలి గది తలుపు దగ్గరికి తీగ లాగినంత మేరా వచ్చింది. "అన్నా, ఆయనేనా? బతికే ఉన్నడా?"

అప్పుడు ఆ చప్పుడును చీలుస్తూ ఒక ఈల వినబడింది. సన్నగా, తెగకుండా. పొడుగు, పొడుగు, పొట్టి.

ఆత్మారాం పెన్సిలు అందుకున్నాడు. రెండేళ్ళుగా మోర్సు వినలేదు. అయినా చెయ్యి దానంతటదే కదిలింది. గరగర మింగేసిన చోట ఏమీ రాయలేదు. అక్కడ ఖాళీ వదిలి ముందుకు పోయాడు. కాగితం మీద అక్షరాలు ఇలా నిలిచాయి. గోదావరి. మంచిగున్న. తరువాత ఏదో పోయింది. రెండుసార్లు రాలేదు. మళ్ళీ ఏదో పోయింది. కోపమా.

"ఏమంటుండు?" అన్నది గోదావరి. ఆమెకూ ఈల వినబడుతోంది. అది మొగుడిదని మాత్రం గుర్తుపట్టింది.

మొదటి రెండు మాటలు చదివి ఆపేస్తే సరిపోయేది. ఆమెకు ఆ కాగితం అర్థం కాదు. మంచిగున్నాడని తెలిస్తే అంతకుమించి ఆమెకు అక్కర్లేదు కూడా. ఆత్మారాంకు ఆ ఆలోచన వచ్చింది.

"మంచిగున్నడు" అన్నాడు. ఆమె గోడకు ఆనుకుంది. "ఇంకోటి అడుగుతుండు. రెండుసార్లు నువ్వెందుకు రాలేదంటుండు. కోపమా అంటుండు."

గోదావరికి వెంటనే అర్థం కాలేదు. "నేను రాకపోవుడేంది? వానల తడుసుకుంట వస్తి గద. ఆయన పిలువలే గద."

"పిలిచిండు."

"లైన్ కలువలేదంటివి."

"కలిసింది. రెండుసార్లు కలిసింది. నువ్వు లేవని నేనే చెప్పిన."

వాన చూరు మీంచి ధారగా పడుతోంది. గోదావరి అతన్ని చూసింది. ఆ చూపులో కోపం ఇంకా రాలేదు. తను విన్నది సరైనదేనా అన్నట్టు చూసింది. రిసీవరులో మళ్ళీ ఈల మొదలైంది. అదే మాట. కోపమా, కోపమా.

"ఆయనకు చెప్పు" అన్నది చివరికి. "నేనొచ్చిననని చెప్పు. లేదన్నది ఎవలో అది గూడ చెప్పు. నీ నోటితోని."

ఆత్మారాం మౌత్‌పీసు దగ్గరికి వంగాడు. పెదవులు ఎండిపోయి గాలే వచ్చింది. ఆమె తాగని చాయ్ చల్లారి అక్కడే ఉంది. ఒక గుక్క తాగి, మళ్ళీ ఈల వేశాడు. ఆమె వచ్చింది. లేదన్నది నేను. ఆత్మారాం.

సగంలో ట్రంకు ఆపరేటరు, "మూడు నిమిషాలైంది" అంది. "ఏక్ మినట్, బహన్" అని బతిమాలి పూర్తి చేశాడు.

అటు నుంచి కాసేపు గరగర తప్ప ఏమీ రాలేదు. తర్వాత ఒకే ఒక అక్షరం. పొట్టి, పొడుగు, పొట్టి. అందింది అని దానర్థం. అంతే. లైను పోయింది.

గోదావరి రిసీవరు పెట్టేసి, కొంగు తల మీద వేసుకుని వానలోకి నడిచింది. గొడుగు తీసుకుని వెంట పోయాడు ఆత్మారాం. గేటు దగ్గర ఆమె ఆగి, వెనక్కి తిరగకుండానే, "నా ఎంట రాకు" అన్నది.

ఆ రాత్రి ప్రమీలమ్మకు అతనే చెప్పాడు. ఫోను సంగతి చెప్పి, దాంతోపాటు బొంబాయి పరీక్షలో ఎందుకు తప్పాడో కూడా చెప్పాడు. సిఫారసు ఏమీ లేదన్నాడు. తెల్లారి ప్రమీలమ్మ గోదావరి ఇంటికి పోయి, సాయంత్రం దాకా అక్కడే ఉండి వచ్చింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో అతనికి చెప్పలేదు.

వానలు తగ్గాక మార్కండేయ సెలవు మీద వచ్చాడు. వచ్చిన నాలుగోరోజు కార్ఖానాకు వచ్చాడు. నల్లబడ్డాడు, కొంచెం చెముడు వచ్చినవాడిలాగా తల పక్కకు వంచి వింటున్నాడు. బల్ల మీద, గోదావరి కూర్చునే చోట కూర్చున్నాడు.

"ఎన్నిసార్లు?" అన్నాడు.

"రెండుసార్లు."

"రెండేనా?"

"రెండే. అనుకునుడు మస్తుసార్లు అనుకున్న."

"ఎందుకు?"

ఆత్మారాం నిజమే చెప్పాడు. "నువ్వు నన్ను పాపం అన్నవ్."

మార్కండేయ గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. గుర్తురాలేదు. "అన్ననేమో" అన్నాడు. తర్వాత చెప్పాడు, "ఆడ నలభై మంది మాటలు నేనే కలుపుత. గా లైన్ల నాదొక్క వంతు. గారోజు పార్టీ లేదని అన్నంక, నా ఎనక ఒక మలయాళీ నిలవడి ఉండె. నా వంతు అయిపోయింది గద, ఆయనకు కలిపిన. ఆయన పెళ్ళాం నవ్వుతుంటే లైన్ సాఫ్ ఉందా లేదా అని నేను వినాలె. విన్న." అతను చేతులు చూసుకున్నాడు. "గామె నవ్వుతుంటే నాకు లైన్ తెంపెయ్యాలె అనిపిచ్చింది. తెంపలే."

"వచ్చే ఏడు ఇంకో ఆపరేటర్‌ను తీసుకుంటరు" అన్నాడు మార్కండేయ లేస్తూ. "రైల్ల వచ్చేటప్పుడు నీకు చెప్పాలె అనుకున్న, దరఖాస్తు పెట్టమని. ఇప్పుడు చెప్పబుద్ధి అయితలేదు. మనసు మారితే ఉత్తరం రాస్త."

ఉత్తరం రాలేదు. పిలుపులు ఆనాటి నుంచి బోధన్ పోస్టాఫీసుకు పోసాగాయి. గోదావరి మళ్ళీ బీడీలు చుట్టసాగింది. దారిలో ఎదురైతే ప్రమీలమ్మతో మాట్లాడేది, ఆత్మారాం ఉంటే తల తిప్పుకునేది.

చెరుకు ఆడే కాలం వచ్చింది. ఒక శనివారం సాయంత్రం, యార్డులో బండ్లు గేటు దాకా బారులు తీరి ఉండగా, గోదావరి ఎడ్ల మధ్య నుంచి నడిచి వచ్చింది. పోస్టాఫీసు లైను చెడిపోయిందట. పటేలును ముందే ఒప్పించుకుని, ఇక్కడికే పిలవమని మార్కండేయకు ఉత్తరం రాయించింది. ఆత్మారాంతో ఏమీ అనకుండా బల్ల చివర కూర్చుంది.

బోర్డు మోగింది. "హై" అని ముందు గదికి కలిపాడు. ఆమె "నేనే, ఓవర్" అనగానే తలకాయ ఫోను తీసి బల్ల మీద పెట్టి, బయటకు నడిచాడు. బండ్లవాళ్ళు కాంటా ఎప్పుడు తెరుస్తారని అడిగారు. ఏదో చెప్పాడు. లోపల గోదావరి నవ్విన చప్పుడు గానుగ మోతలో ఒకసారి వినబడింది. ఏమన్నాడో వాడు. హెలికాప్టరు సంగతో, చేపల సంగతో. పాత ఈర్ష్య మళ్ళీ కదిలింది. అది పోలేదు, ఉంది. గానుగ మోత ఎక్కువగా ఉన్న వైపుకు నాలుగడుగులు జరిగి నిలబడ్డాడు.

కాసేపటికి గోదావరి గడప దాటి వచ్చింది. అతని పక్కనుంచి పోతూ అడుగు ఆపకుండానే, "అయిపోయింది. బోర్డు కాడికి పో" అన్నది.

ఆత్మారాం లోపలికి పోయి కూర్చున్నాడు. కాంటా గది నుంచి ఫోను మోగుతోంది.